ముందు అద్దం కారిన వానాకాలం

మా కారులో వాన బయటికంటే పావుగంట ఎక్కువ కురిసేది. రోడ్డు మీద జనం గొడుగులు ముడుచుకుని తమ దారిన తాము నడుస్తున్నా, మా కారు లోపల స్టీరింగు కింద టప్ టప్ మని పడుతూనే ఉండేది. డెబ్బైల చివర్లో కొన్నాం దాన్ని. అప్పటికే ఇద్దరి చేతులు మారి వచ్చింది. ఒకప్పుడు తెల్ల కారు. రేవు నుంచి ఎగిరివచ్చే ఇనపరాతి ధూళి పట్టీ పట్టీ, నీరుకావి పంచె రంగుకి వచ్చింది. మా ఊళ్లో తెల్లనివన్నీ చివరికి ఆ రంగుకే వచ్చేవి కనుక దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

పేరుకి కారు నాది. నడిపేది మా ఆవిడ. నాకు పత్రికాఫీసుకి వెళ్లడానికి స్కూటరుంది. ఆవిడ గోపాలపట్నంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పేది. మేముండేది మద్దిలపాలెంలో. రెండు బస్సులు మారి, అందులో ఒకదానిలో తప్పనిసరిగా నిలబడి వెళ్లాలి. "బస్సులో నిలబడి వెళ్తే మొదటి పీరియడు నిలబడి చెప్పలేకపోతున్నానండీ" అని ఒకరోజు అన్నది. ఆ తర్వాత నలభై రోజుల్లో డ్రైవింగు నేర్చుకుంది. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్లు కారు నడపడం వీధిలో చూడదగ్గ విషయమే. బస్సు కండక్టర్లు కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవారు. ఆవిడ మాత్రం అటూ ఇటూ చూసేది కాదు. ముందు రోడ్డు చూసేది, అద్దంలో వెనక రోడ్డు చూసేది, అంతే.

కొన్న నాలుగో ఏడు జూన్‌లో మొదటి వానకే ముందు అద్దం కారడం మొదలైంది. నీళ్లు సరిగ్గా ఆవిడ కుడి మోకాలి మీద పడేవి. అక్కణ్ణుంచి చీర కుచ్చిళ్ల మీదకి, అక్కణ్ణుంచి పాదాల మీదకి. స్కూలుకి వెళ్లి, చీర ఆరేదాకా బల్ల వెనకాలే నిలబడి పాఠం చెప్పేదట. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు. ఆ స్కూలు డ్రిల్లు మాస్టారు నవ్వుతూ చెప్పాడు.

మరమ్మతుకి మా ఆవిడ వాళ్ల అన్నయ్య ఉండనే ఉన్నాడు. నాకు బావ. రేవులో ఓడల మరమ్మతు పని చేసేవాడు. ఓడ అడుగున నీరు ఎక్కడ చొరబడుతుందో వెతికి పూడ్చడంలో చెయ్యి తిరిగిన మనిషి. చెల్లెలంటే ప్రాణం. కారు కారుతోందని విని ఆదివారం పొద్దున్నే డబ్బా పట్టుకుని దిగాడు.

"ఏటి బావా, పెద్ద పెద్ద ఓడలే మా సేతిలో నోరు మూసుకుంటాయి, నీ కారెంత?"

ఎర్రటి లప్పం తెచ్చి అద్దం చుట్టూ వేలితో మెత్తాడు. వారం బాగానే ఉంది. ఎందుకంటే ఆ వారం వాన పడలేదు. పడ్డ రోజున యథాప్రకారం కారింది. రెండోసారి తారులో నానబెట్టిన నారపురి తెచ్చి, రబ్బరుకీ రేకుకీ మధ్య ఉలితో కొట్టి దించాడు. పడవలకి అలాగే చేస్తారట. కారు ముఖం కాటుక చెదిరిన కన్నులా తయారైంది గానీ, కారడం ఆగలేదు.

మూడోసారి వచ్చినప్పుడు చాలాసేపు వంగి చూశాడు. బానెట్‌కీ అద్దానికీ మధ్య సన్నటి కాలవలాంటి పల్లం ఉంటుంది. దానికి రెండు చివరలా చిటికెన వేలు పట్టేంత కన్నాలున్నాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

"దొరికిపోనాది! ఇదిగో, ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. కన్నాలెట్టుకుని కారు కారతన్నాదని ఏడిస్తే ఏటి లాభం?"

ఓడల్లో పనిచేసే మనిషికి కన్నం కనిపిస్తే దాన్ని పూడ్చేదాకా అన్నం సహించదు. చెక్క మేకులు చెక్కి, తారు పూసి, రెండు కన్నాల్లోనూ సుత్తితో దిగ్గొట్టాడు. కడుపు నిండా భోంచేసి వెళ్లాడు.

ఆ మంగళవారం పెద్ద వాన. ఇదివరకు చుక్కలుగా పడేది ఆ రోజు ధారగా పడిందట. కంచరపాలెం రైలు గేటు మూస్తుంటే మా ఆవిడ బ్రేకు వేయబోయింది. తడిసిన పాదం బ్రేకు మీంచి జారింది. కారు వెళ్లి గేటు కర్రకి ఆనింది. ఆనిందంతే. గేటుకీ ఏమీ కాలేదు, కారుకీ ఏమీ కాలేదు. కానీ ఆ గేటుకి అవతల పట్టాలున్నాయి.

మర్నాడే ఒక కాంట్రాక్టరుతో మాట్లాడాను. ఉక్కు కర్మాగారం కట్టేచోట మట్టిపనులు చేయించేవాడు. ఎప్పటినుంచో కారు కావాలంటున్నాడు. "వచ్చే బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి తీసుకెళ్లండి" అని మాట ఇచ్చేశాను. ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. ముందు ఆవిణ్ణి అడిగి తర్వాత మాట ఇవ్వాల్సిన విషయం అది. నేను మాట ఇచ్చేశాక చెప్పాను.

ఆవిడ కూర తరుగుతోంది. కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండా అడిగింది. "బుధవారం అంటే ఇంకా వారం ఉందిగా?"

"వారంలో ఏం చేస్తావు? మీ అన్నయ్య మూడుసార్లు చూశాడు."

"అన్నయ్య కారుని చూశాడు. కారులో కూచోలేదు."

"అమ్మేశాక హాయిగా బస్సులో..."

"అమ్మేశాక మళ్లీ కొంటారా?" అంది.

కొననని ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో కారు ఒకసారి పోతే మళ్లీ రాదు. కారు పోతే ఆవిడ మళ్లీ రెండు బస్సులు.

శనివారం మధ్యాహ్నం స్కూలు నుంచి వస్తూనే నన్ను పిలిచింది. సుద్దముక్కలు నూరిన పొడి ఒక కాగితంలో తెచ్చింది. కారు లోపల కూచుని, ఆ పొడిని అద్దం చుట్టూ రబ్బరు అంచు మీద వేలితో సన్నగా అద్దింది. కిందా పైనా, మూలమూలా. "ఇప్పుడు బిందెతో నీళ్లు పోయండి. ముందు కింద మాత్రమే. పైకి తగలకూడదు" అంది.

పోశాను. అద్దం కింద పల్లంలో నీళ్లు చెరువులా నిలబడ్డాయి. ఎక్కడికీ పోలేదు. కాసేపటికి అవి ఉబికి లోపలికి దిగడం మొదలుపెట్టాయి.

"ఇది మొదటిది. ఇదివరకు ఇలా వచ్చేది కాదు. ఇప్పుడు పైన పోయండి" అంది లోపల్నుంచి.

పోశాను. తర్వాత నన్ను కారులోకి రమ్మంది. కుడివైపు పై మూల దగ్గర సుద్దపొడి తడిసి, వెంట్రుకంత గీత పడింది. ఆ గీత రబ్బరు వెంటే వంపు తిరుగుతూ కిందికి దిగి, సరిగ్గా ఆవిడ మోకాలికి ఎదురుగా చుక్కగా రాలుతోంది. నీళ్లు చొరబడేది పైన. కనబడేది కింద. మేమందరం రెండు నెలలుగా కనబడ్డ చోటే పూడుస్తున్నాం.

నేను అప్పటికే పత్రికలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ప్రమాదం జరిగితే, చూసినవాణ్ణి అడగకుండా వార్త రాసుకొచ్చిన కుర్ర విలేకరుల కాగితాలు చించి పారేసేవాణ్ణి. ఈ కారు విషయంలో బావని అడిగాను, పక్కింటాయన్ని అడిగాను, కాంట్రాక్టరుని కూడా అడిగాను. రోజూ ఆ సీట్లో కూచుని తడిసే మనిషిని ఒక్కమాటు కూడా అడగలేదు.

ఆదివారం ముగ్గురం కంచరపాలెం వెళ్లాం. బావని పిలవకుండా ఉండాల్సింది, కానీ చెల్లెలి కారు ఇంకొకరి చేతిలో పెడతామంటే ఆయన ఊరుకుంటాడా? రైలు పట్టాల వెనకాల రేకుల షెడ్డులో అద్దాలు బిగించే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. చాలా ఏళ్లు బస్సులకి బాడీలు కట్టేచోట పనిచేశాడు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎర్ర లప్పం, దాని మీద తారు, దాని కింద నార చూశాడు.

"ఏటమ్మా ఇది? కారా, పడవా?"

మా బావ ఆకాశం చూస్తున్నాడు.

మేస్త్రీ పల్లంలోకి చెయ్యి పెట్టి చెక్క మేకు పట్టుకున్నాడు. పట్టకారుతో లాగాడు. నిన్న పోసిన నీళ్లు, వాటితో పాటు కుళ్లిన ఆకులూ ఎర్ర బురదా భళ్లున కిందపడి ఆయన కాళ్లు తడిపాయి.

"ఇది ఎవులు కొట్టినారు?"

"నానే" అన్నాడు మా బావ.

"నువ్వేటి పని సేత్తావు?"

"రేవులో. ఓడల కాడ."

"అదీ! అనుకున్నాను. ఓడోడు తప్ప ఇలాటి పని ఎవులూ సెయ్యరు. ఒరే నాయనా, ఓడలోకి నీరు రాకూడదు. కారు మీద పడ్డ నీరు ఎల్లిపోవాల. ఆ కన్నాలు అందుకే ఎట్టినారు. నువ్వు పోయే దారి మూసీసి, వచ్చే దారి ఒగ్గీసినావు."

షెడ్డులో కూచుని చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన ఒకడు గట్టిగా నవ్వాడు. మా బావ నవ్వలేదు. ఆ మేకు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"గేటు కాడ నీ కాలు జారింది అందుకేనేటి?"

"కాదన్నా. సెప్పు అరిగిపోనాది. అందుకు జారింది" అంది మా ఆవిడ. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆవిడ మాట కూడా వాళ్ల ఊరి మాట అయిపోతుంది.

నా ఉద్యోగంలో అబద్ధాలు చాలా విన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పినవి తక్కువ.

"ఆ రోజు సెప్పులిప్పి కారు నడిపినానని నువ్వే కదే సెప్పినావు" అన్నాడాయన. మేకుని అవతలికి విసిరేసి, చొక్కా చేతులు పైకి మడిచాడు. "మేస్త్రీ, నానేటి సెయ్యాలో సెప్పు. పని నువ్వు సెప్పినట్టే సేత్తాను."

"ముందు నువ్వు పూసిందంతా నువ్వే గీకు" అన్నాడు మేస్త్రీ.

గీకడానికే మధ్యాహ్నమైంది. కిరసనాయిలు గుడ్డతో తుడవడం, చెక్కబద్దతో గీకడం, మళ్లీ తుడవడం. నేను సాయం చెయ్యబోతే మేస్త్రీ మర్యాదగా, "బాబూ, మీరు కాత్త అటు జరగండి, ఎలుగు రాట్లేదు" అన్నాడు. జరిగాను. ఆ రోజంతా నా వంతు పని అదే.

నీళ్లు పైనుంచి వస్తున్నాయని ఆవిడ చెబితే మేస్త్రీ మొదట నమ్మలేదు. "నీరు కిందనుంచే కదమ్మా వత్తాది, పైనుంచెలా వత్తాది?" అన్నాడు. ఆవిడ కాగితం విప్పి సుద్దపొడి మళ్లీ అద్ది, మగ్గుతో పైనుంచి నీళ్లు పోయించి గీత చూపించింది. ఆయన గీత చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"ఏం పాఠం సెప్తావమ్మా నువ్వు?"

"లెక్కలు."

"అదీ సంగతి" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏ మాట చెప్పినా నాతోనూ మా బావతోనూ కాదు, ఆవిడతోనే చెప్పాడు.

ఇక అద్దం ఊడదీయాలి. అక్కడ ఆగాడు. "అమ్మా, ఒక మాట. ఇది పాత అద్దం. తీసినప్పుడు పగిలినా పగలొచ్చు, ఎట్టినప్పుడు పగిలినా పగలొచ్చు. పగిలితే ఈ కారుకి అద్దం మన ఊళ్లో దొరకదు. మద్రాసు నుంచి రావాల. ఎప్పుడొత్తాదో దేవుడికెరిక. తియ్యమంటావా?"

పగిలితే కథ అక్కడితో ఆఖరు. బుధవారం కాంట్రాక్టరు అద్దం లేని కారునే తాడు కట్టి లాక్కుపోతాడు. మా బావ నా వైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు.

"తియ్యండి" అంది.

లోపల్నుంచి రెండు అరిచేతులతో అద్దాన్ని ఒక మూల నుంచి నెమ్మదిగా నెట్టాడు మేస్త్రీ. బయట మా బావ కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాడు. అద్దం ఊడి వచ్చింది. దాన్ని పాత దుప్పటి మీద పడుకోబెట్టి, రబ్బరు విప్పి చూపించాడు. ఎండకి ముడుచుకుపోయి, ఎండు చేప తోలులా బిగుసుకుపోయింది. రెండు కొసలు కలిసే అతుకు సరిగ్గా కుడివైపు పై మూలనే ఉంది. కొసల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు.

"అమ్మ సెప్పిందే నిజిం. అతుకు పైన ఎట్టినోడు బద్దకస్తుడు. అతుకు ఎప్పుడూ కింద నడిమినే ఉండాల."

కొత్త రబ్బరు బస్సు సామాన్ల కొట్లో మూరల లెక్కన దొరుకుతుంది. మేస్త్రీ షెడ్డులో ఒక కట్ట ఎప్పుడూ ఉంచుతాడట. అద్దం చుట్టూ కొలిచి, కావాల్సినదానికంటే బొటనవేలంత ఎక్కువ వదిలి కోశాడు. ఆ ఎక్కువని లాగి కాకుండా, కొంచెం కొంచెం లోపలికి నొక్కుతూ ఇమిడ్చాడు. రేపు ఎండకి ఎంత ముడుచుకున్నా సందు రాకుండా ఉండటానికి అట. నల్ల జిగురు రాశాడు. తర్వాత రబ్బరు లోపలి అంచు గాడిలో చుట్టూ ఒక సన్నటి తాడు పొదిగి, సబ్బునీళ్లు పూశాడు. అద్దాన్ని బయటనుంచి చట్రానికి ఆనించాలి. లోపల కూచున్న మనిషి తాడు కొస పట్టుకుని లాగుతూ వస్తే, రబ్బరు పెదవి ఒక్కో వేలెడూ రేకు మీదకి ఎక్కుతుంది. బయట మనిషి తాడు ఎక్కడ ఊడితే అక్కడే నొక్కాలి. ఇద్దరికీ ఒకే లయ ఉండాలి.

లోపల లాగే తన మనిషి ఆ రోజు రాలేదు. "నాను మజ్జిలో ఉండి రెండు పక్కలా సూడాల. లోపల ఎవులు కూకుంటారు?" అన్నాడు మేస్త్రీ.

మా ఆవిడ అప్పటికే తలుపు తీసి లోపల కూచుంది.

బయట అన్న, లోపల చెల్లెలు, మధ్య అద్దం. ఆవిడ తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"అమ్మో, అమ్మో! నూతిలో చేద తోడతన్నావేటి? జడ ఇప్పతన్నట్టు లాగమ్మా. నిమ్మళంగా."

జడ విప్పుతున్నట్టే లాగింది. మా బావ అరిచేత్తో నొక్కుతూ తాడు వెంట నడిచాడు. కింద నడిమి నుంచి ఎడమ మూలకి, అక్కణ్ణుంచి పైకి. పై అంచు పూర్తయింది. కుడి పై మూల దగ్గర తాడు బిగుసుకుంది. మా బావ కొంచెం గట్టిగా నొక్కాడు.

టిక్కుమని చప్పుడైంది.

మా బావ చేతులు అద్దం మీద అలాగే ఉన్నాయి. మేస్త్రీ ముందుకి వంగి, ఒక కన్ను మూసి, అద్దాన్ని వారగా చూశాడు.

"నా గాజు. అద్దానికి తగిలింది" అంది మా ఆవిడ లోపల్నుంచి. చేతి గాజులు తీసి సీటు మీద పెట్టింది. "లాగమంటారా?"

"ఉండే, ఉండు. ముందు నన్ను ఊపిరి పీల్చుకోనీ" అన్నాడు మా బావ.

మిగతా తాడంతా అయిదు నిమిషాల్లో వచ్చేసింది. చివరి కొస ఊడి ఆవిడ ఒళ్లో పడింది. మేస్త్రీ చుట్టూ వేలితో రాసి చూసి, రెండు కన్నాల్లోనూ ఇనప చువ్వ దూర్చి శుభ్రం చేశాడు. నాలుగు బిందెలు పోయించాడు. పల్లంలో నీళ్లు అటూ ఇటూ కన్నాల్లోంచి దిగి నేల మీదకి పోయాయి. లోపల సుద్దపొడి పొడిగానే ఉంది. "రెండ్రోజులు కదపకండి, జిగురు ఆరాల" అని అక్కడే ఉంచమన్నాడు. మంగళవారం సాయంత్రం ఆవిడే వెళ్లి తెచ్చుకుంది.

బుధవారం తెల్లవారేసరికి ఆకాశం ఊడి పడుతోంది. కాంట్రాక్టరుకి రావద్దని నేను కబురు చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలి. నాలుగు బిందెల నీళ్లు వేరు, మా ఊరి వాన వేరు, నిజం వానలో చూశాక చెబుదామనుకున్నాను. ఆ సంగతి ఆవిడ గ్రహించింది.

"ఆయన ఎన్నింటికి వస్తానన్నాడు?"

"తొమ్మిదికి."

"నేను ఎనిమిదికి బయల్దేరాలి" అని తాళాలు తీసుకుంది.

కాంట్రాక్టరు తొమ్మిదికి ముందే జీపు దిగాడు. వాకిట్లో ఖాళీ జాగా చూసి, "కారు ఏదండీ?" అన్నాడు.

"స్కూలుకి వెళ్లింది."

"ఇంత వానలోనా! కారుతుందన్నారుగా?"

"కారేది."

ఆయన కాఫీ తాగుతూ ఆలోచించాడు. పెద్దమనిషే. కానీ మాట మాటే అనుకునే రకం. "మీరు మాటిచ్చారు కదండీ" అన్నాడు.

"ఇచ్చానండీ. ఆ కారు నాదనుకుని ఇచ్చాను."

ఆయన నా మొహంలోకి చూసి, నవ్వాలో కోప్పడాలో తేలక, చివరికి నవ్వాడు. "పోనీ ఆవిడగారిని అడిగి చూడమంటారా?"

"సాయంత్రం అయిదింటికి వస్తుంది, అడగండి. చీర తడిసి వస్తే ఇచ్చినా ఇస్తుంది. పొడిగా వస్తే మాత్రం ఇవ్వదు."

ఆయన ఆగలేదు, గొడుగు వేసుకుని వెళ్లిపోయాడు. ఆగింది నేను. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, వాన చూస్తూ వరండాలో కూచున్నాను. మధ్యాహ్నం తగ్గి, నాలుగింటికి మళ్లీ అందుకుంది. అయిదుంపావుకి కారు సందు మలుపు తిరిగింది. వైపర్లు ఆడుతున్నాయి. గేటు ముందు ఆగింది. ఆవిడ దిగింది. గొడుగు తెరిచి నాలుగడుగులు వేసేలోపు కుచ్చిళ్ల అంచు కొద్దిగా తడిసింది గానీ, మోకాలి దగ్గర పొద్దున పెట్టిన ఇస్త్రీ మడత అలాగే ఉంది.

"ఆయన వచ్చాడా?"

"వచ్చాడు. వెళ్లిపోయాడు."

తల ఊపింది. లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"వెనకవైపు ఒక లైటు వెలగడం లేదండీ. అన్నయ్యకి మాత్రం చెప్పకండి."